గోడ మీది బావ

ఊరి చరిత్రను గిడ్డంగి గోడ మీదికి ఎక్కించాలని కమిటీవాళ్లు తీర్మానం చేసుకున్నారు గానీ, ముందు ఆ గోడను ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. సంత రోడ్డు పొడుగునా పడమటి ఎండకు ఎదురు నిలబడి, ఎన్నో వానలు తాగి, లోపల ఉప్పు పెంచుకుంటూ పైకి పెద్దమనిషిలా కనిపించే గోడ అది. సున్నం పూస్తే తాగేసింది. ప్రైమరు పూస్తే అదీ తాగి, ఇంకేమన్నా ఉందా అన్నట్టు చూసింది. దాన్ని గీకి, కడిగి, ఎండబెట్టి, పుట్టీ పెట్టి మనుషుల్లోకి తెచ్చేసరికి బోర్డులాయన కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. పైభాగంలో రంగు వేయాల్సి వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుంటున్నాడు. కింది నుంచి చూసేవాళ్లకు తన చేతిని తనే అరెస్టు చేసి తీసుకుపోతున్నట్టు ఉంది.

ఊళ్లో బోర్డులాయన అంటే ఆయనొక్కడే. దుకాణాల పేర్లు, బళ్ల నంబర్లు, బడిగోడల మీద నీతులు, అన్నీ ఆయన చేతిరాతే. ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని ఆయన రాసిన చోట కుక్కలు కూడా ఎత్తిన కాలు దించుకుని మర్యాదగా పక్కవీధికి వెళ్లిపోయేవని, గోడకు ఎదురుగా సెలూన్ నడిపే ఆయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఫ్లెక్సీ మిషను వచ్చాక మనుషులూ మారారు, కుక్కలూ మారాయి. ఒక్కో బోర్డూ దిగిపోయింది. చాలాకాలానికి వచ్చిన పెద్ద పని ఈ గోడ. పెళ్లీడు దాటాక వచ్చిన సంబంధంలాగా అది సంతోషం కంటే ఆయాసమే ఎక్కువ తెచ్చింది.

చరిత్ర అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక బావి తవ్వడం, ఒక పడవల రేవు, ఒక సున్నపు బట్టీ, ఒకసారి గిడ్డంగి తగలబడడం, మొదటి బస్సు రావడం, చివరికి ఏటి మీద బ్రిడ్జి. ఒక్కో సంఘటనకు ఒక పెద్ద మొహం ముందుండాలి, జనం వెనక చిన్నగా ఉండాలి అని కమిటీ చెప్పింది. ఆ మొహాలు ఎలా ఉండేవో మాత్రం ఎవరికీ తెలియదు. బావి తవ్వించినాయనకు బోర్డులాయన నడుము దాకా గడ్డం పెట్టాడు. గడ్డం ఎంత పెరిగితే అభ్యంతరాలు అంత తగ్గుతాయని ఆయన అనుభవం. పడవ నడిపేవాడికి తలపాగా కళ్ల మీదికి దించాడు. బస్సు డ్రైవరుకు నల్లకళ్లద్దాలు తగిలించాడు. ఒక్క బ్రిడ్జి దగ్గర మాత్రం గడ్డం లేదు, తలపాగా లేదు, అద్దాలు లేవు. భుజాన రాయి పెట్టుకుని నేరుగా రోడ్డు వైపు చూస్తున్న ఒక కుర్రవాడి మొహం నున్నగా, వెలుతురు పడి ఉంది. అది ఆయన బావ.

ఆ మొహం గీయడానికి బోర్డులాయన బుర్ర గోక్కోవాల్సిన పనే లేదు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున సూదితో చిల్లులు పొడిచిన కాగితం ఒకటుంది. దాన్ని గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో మెత్తగా తడితే చిల్లుల్లోంచి నల్లచుక్కలు దిగి బావ ప్రత్యక్షమవుతాడు. ఊళ్లో సెలూన్లన్నిటి బోర్డుల మీదా ఇన్నేళ్లు కూర్చున్నది ఆ బావే. ఒకచోట నురగతో, ఒకచోట నురగ లేకుండా, ఇంకోచోట తల దువ్వించుకుంటూ. బతికుండగా రాళ్లు మోసే పనిలో గడ్డానికి తీరిక దొరకని మనిషి, బ్రిడ్జి పరంజా విరిగి కిందపడి చనిపోయాక, ఊరంతటా కూర్చుని తీరిగ్గా గీయించుకున్నాడు.

బ్రిడ్జి మొదట్లో పాతిన రాతిపలక మీద ప్రారంభించినవారి పేరుంది, కట్టించిన కాంట్రాక్టరు పేరుంది. కిందపడినవాళ్ల పేర్లకు చోటు చాల్లేదు. ఇక సెలూన్ బోర్డులు కూడా దిగిపోయాక, అక్క చూసుకోవడానికి బావ ఎక్కడా మిగల్లేదని బోర్డులాయన దిగులు. భుజం నొప్పితో ఈ గోడ ఒప్పుకున్నదే అందుకు. బోర్డయితే మేకులు పీకి దించుతారు, గోడను ఎవడు దించుతాడు అనుకున్నాడు.

అక్కా తమ్ముళ్లిద్దరూ ఉండేది ఒకే ఇంట్లో, ముందొక గది, వెనకొక గది. దర్జీల దగ్గర చొక్కాలు తెచ్చుకుని ఆవిడ కాజాలు కుడుతుంది. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి, సెలూన్ మెట్టు మీద నీడలో కూర్చుని, తమ్ముడు తింటుంటే సూదిలోకి దారం ఎక్కిస్తూ గోడ వైపు చూస్తుంది. ఆ చూపు ఎక్కడ ఆగుతుందో గమనిస్తూ ఈయన నోట్లో ముద్దను నమలడం మరిచిపోతాడు.

“చూశావా అక్కా” అంటాడు.

“చూశాన్రా, తిను” అంటుంది.

మొదటి సెలూన్ బోర్డు నాటి నుంచీ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. అటు చూపూ ఇటు తిండీ అయ్యాక ఆవిడ క్యారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వెళ్లిపోతుంది. ఆ పూటకు ఆయన భుజం కాస్త తేలికగా లేస్తుంది.

*

ప్రారంభోత్సవం దగ్గర పడుతుండగా కమిటీ చైర్మన్ గోడ చూడ్డానికి వచ్చాడు. ఆయనకు సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. నడిచినా నిలబడినా లెక్క చూసుకుంటున్నట్టే ఉంటాడు గానీ చెడ్డవాడు కాదు. గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, గడ్డాన్ని మెచ్చుకున్నాడు, నల్లకళ్లద్దాలను మెచ్చుకున్నాడు, మంటల్లో ఎరుపు కాస్త తగ్గించమన్నాడు. బ్రిడ్జి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

ఈ మొహం ఎక్కడో చూశానే అన్నాడు. చూశారండి అన్నాడు బోర్డులాయన పరంజా మీది నుంచి. అంతలో చైర్మన్‌కు గుర్తొచ్చి గట్టిగా నవ్వాడు. ఎదురుగా సెలూన్లో గడ్డం చేయించుకుంటున్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు. కత్తి పట్టుకున్నాయన తిప్పొద్దని మొత్తుకున్నాడు.

“సెలూన్ బోర్డు కదయ్యా ఇది. ఊరి చరిత్రలో గడ్డం చేయించుకోవడం కూడా ఉందా?”

బోర్డులాయన బ్రష్షు డబ్బా అంచుకు తుడిచి, దాన్ని డబ్బాకు అడ్డంగా పెట్టి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. దిగేలోపు చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుందామనుకున్నాడు గానీ కాళ్ల మీదే ధ్యాస ఉండిపోయింది.

“మా బావండి. బ్రిడ్జి దగ్గర పోయినవాళ్లలో ఒకడు.”

చైర్మన్ నవ్వు ఆపేశాడు. పాపం అన్నాడు. అది పైపై మాట కాదు. కాసేపు చెప్పు చివరతో నేల మీద రాలిన పుట్టీ పెళ్లలు నలుపుతూ నిలబడి, మెల్లగా తన సంగతి చెప్పుకొచ్చాడు. బ్రిడ్జి కాంట్రాక్టరు వాళ్ల నాన్న. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. తల్లి ఉంది, చూపు మందగించింది, ప్రారంభోత్సవానికి తీసుకొస్తానని మాటిచ్చాడు. గోడ మీద నాన్న ఉంటాడని ఆవిడ పదిమందికీ చెప్పుకుంటోంది. కనక మొహం కాస్త పెద్దగా, ఆవిడ కంటికి ఆనేలా వేస్తే బాగుంటుంది. ఫోటో పంపిస్తాడు.

“భుజాన రాయి ఉందండి బొమ్మకి. మీ నాన్నగారు రాయి మొయ్యలేదు కదా.”

“మొయ్యడమెందుకు? చేత్తో చూపిస్తున్నట్టు వెయ్యి.”

బోర్డులాయన వేళ్ల మధ్య ఎండిన రంగును గోటితో తీసుకుంటూ నిలబడ్డాడు. చైర్మన్‌కు అది ఇబ్బందిగానే అనిపించి, సర్దిచెప్పే గొంతుతో మళ్లీ అందుకున్నాడు.

“చూడు, అక్కడ పోయినవాళ్లు ఇంకా ఉన్నారు. మీ బావనొక్కణ్ణే వేస్తే మిగతా ఇళ్లవాళ్లు వచ్చి అడగరా? మా నాన్నయితే అందరికీ కలిపి ఒక్కడు.”

అందరికీ కలిపి ఒక్కడు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో బోర్డులాయనకు అందలేదు. తప్పిందని మాత్రం తెలుసు. అది చెప్పేందుకు ఓపిక కావాలి. ఆయన ఓపికంతా గోడే తాగేసింది. సరేనండి అన్నాడు. చైర్మన్ ఆయన భుజం తట్టాడు, సరిగ్గా ఆ భుజాన్నే.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ మాట అక్కతో చెప్పాలని మూడునాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ కిటికీ పక్కన చొక్కా ఒళ్లో పరుచుకుని కాజా అంచులు కుడుతోంది. దారం లాగి, ముడి వేసి, పళ్లతో తెంపి, కాజాలోంచి వేలు దూర్చి చూసి పక్కన పెడుతోంది. జలుబు చేసిందా అని అడిగింది. లేదన్నాడు. అయితే గోడ దుమ్ము అంది. అవునన్నాడు. అన్నం తిని చేయి కడుక్కుంటూ, రేపటి నుంచి క్యారియరు తేవద్దు, ఎండ ముదిరింది, నేనే ఇంటికొచ్చి తింటాను అన్నాడు. ఆవిడ సూది ఆపి ఒకసారి ఆయన వైపు చూసి, సరేలే అని మళ్లీ పనిలో పడింది.

*

మర్నాడు బోర్డులాయన మొహం జోలికి పోలేదు. ఏటిలో నీళ్లు వేశాడు. నీళ్లకు అన్ని రంగులుంటాయని ఆ ఏటికే తెలిసి ఉండదు. తర్వాత పరంజా కట్టిన తాళ్లు వేశాడు, ఒక్కో పేటా విడివిడిగా. తర్వాత గుట్టగా పోసిన రాళ్లలో ఒక్కోదానికీ వెలుగు ఒకవైపు, నీడ ఒకవైపు పెట్టాడు. సెలూనాయన గిరాకీ లేని వేళ మెట్టు మీదికి వచ్చి, ఆ రాళ్లన్నీ నిజంగా మోసినా ఈపాటికి అయిపోయేదని వ్యాఖ్యానించాడు. ఈయన పలక్కపోతే, ఈసారి ఇంకో కథ ఎత్తుకున్నాడు. వాళ్ల నాన్న కాలంలో ఒకాయన తమ సెలూన్ బోర్డు చూసి, లోపల ఎవరో ఉన్నారనుకుని, తన వంతు కోసం పొద్దుగూకే దాకా బయటే కూర్చున్నాడట. చీకటి పడ్డాక, ఆయనకింకా పూర్తి కాలేదా అని అడిగాడట.

మామూలుగా అయితే బోర్డులాయన నవ్వేవాడు. ఆ బోర్డు ఇప్పుడు సెలూన్ వెనక నీళ్లడ్రమ్ముకు మూతగా ఉంది. మొన్న చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు చూశాడు. బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నుదుటి మీద తడి చెంబు.

ఫోటోను సాయంత్రానికల్లా దుకాణం గుమస్తా తెచ్చి ఇచ్చాడు. కోటు తొడుక్కున్న లావుపాటి మనిషి, ఎండలో కళ్లు చికిలించి, కెమెరాను కూడా పనిలోకి తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు చూస్తున్నాడు. బోర్డులాయన దాన్ని పరంజా కర్రకు దారంతో కట్టి, తెల్ల ప్రైమరు డబ్బా మూత తీశాడు.

ముందు చెవి పూశాడు. తర్వాత దవడ, తర్వాత జుట్టు. జుట్టు నల్లరంగు కాబట్టి రెండుసార్లు పూసినా కింది నుంచి బూడిదరంగులో పొడుచుకొచ్చింది. చూస్తుండగానే బావ ముసలివాడయ్యాడు. కళ్లు చివరికి వదిలేశాడు. అదే పొరపాటు. ఎన్నో బోర్డులు చెరిపిన చెయ్యి, ముందు కళ్లే పూసెయ్యాలని దానికి తెలుసు. తెల్లటి గోడలోంచి రెండు కళ్లు మాత్రమే చూస్తుంటే, ఆయన మోచేతిని పట్టుకున్న చెయ్యి వదిలేసి, పరంజా మీదే కూర్చుండిపోయాడు. కింద ఎవరో సైకిలు మీద పోతూ, ఇదేమి చరిత్ర పెద్దాయనా అని అడిగాడు. వచ్చేదాకా ఆగు అన్నాడు ఈయన. కాసేపటికి లేచి, తల పక్కకు తిప్పుకుని, వెడల్పు బ్రష్షుతో ఒక్కసారిగా పూసేశాడు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నానికి కాంట్రాక్టరు గోడెక్కాడు. కోటు వచ్చింది, చికిలించిన కళ్లు వచ్చాయి, చూపిస్తున్న చెయ్యి వచ్చింది. ముక్కుకు వెలుగు పెడుతుండగా కింది నుంచి క్యారియరు చప్పుడైంది. ఆ చప్పుడు ఆయన నిద్రలో కూడా గుర్తుపడతాడు. రెండో గిన్నె పిడి వదులు.

తిరిగి చూడకుండా, రావద్దన్నాను కదా అన్నాడు. వస్తానని నువ్వు రాలేదు కదా అంది అక్క. నిజమే. తిండి సంగతే ఆయనకు గుర్తు లేదు.

దిగాడు. అక్క సెలూన్ మెట్టు మీద ఎప్పటి చోటే కూర్చుని గోడ చూస్తోంది. ఆ చూపు ఆగాల్సిన చోటే ఆగింది. ఆయన క్షమాపణలాంటి మాటలేవో గొణిగాడు. చైర్మన్ అడిగాడు, కాదనలేకపోయాను, ఇంకో గోడ దొరికితే మళ్లీ వేస్తాను, కాగితం ఉంది కదా, ఎక్కడికీ పోదు. ఆవిడ వింటూనే గిన్నెలు విప్పింది. అన్నం కలుపుకోమని గిన్నె చేతికిచ్చింది. తర్వాత తాపీగా అంది:

“కోటు బాగా వచ్చింది. పోనీలేరా, నీ మొహానికి రాళ్లు మోసే శిక్ష తప్పింది.”

ఆయనకు అర్థం కాలేదు.

“నా మొహమేంటి?”

ఆవిడ సూది తీసి, దారం కొసను నోట్లో తడిపి, కన్ను చికిలించి ఎక్కించడానికి చూసింది. మొదటిసారి తప్పింది. రెండోసారి ఎక్కింది.

“అది మీ బావ మొహం కాదురా.”

సెలూన్లో కత్తి గీకే చప్పుడు ఆగిపోయింది. బోర్డులాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“మొదటి బోర్డుకి మీ బావను కూర్చోబెట్టావు గుర్తుందా? పనిలోంచి వచ్చిన మనిషి, కూర్చున్నట్టే కూర్చుని నిద్రపోయేవాడు. నోరు తెరిచి గురక. మరి నువ్వేం చేశావు? గోడకున్న అద్దం తీసి ఒళ్లో పెట్టుకుని ముక్కు చూసుకున్నావు, చెవులు చూసుకున్నావు, గడ్డం పైకెత్తి నీడ ఎక్కడ పడుతుందో చూసుకున్నావు. అందులో మీ బావది ఏముందిరా? క్రాపొక్కటే ఉంది.”

బోర్డులాయన ముద్దను మళ్లీ గిన్నెలోకి జార్చాడు.

“మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?”

“ఆయన పోయాక ఆ కాగితం పట్టుకొచ్చి, బావ ఎక్కడికీ పోలేదక్కా చూడు అన్నావు. అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు నీకు. నాకంటే నువ్వే ఎక్కువ ఏడుస్తున్నావు. కాదురా, ఇది నువ్వే అని ఎలా చెప్పమంటావు?”

“తర్వాతైనా?”

“తర్వాత బోర్డులు ఎక్కువైపోయాయి.”

ఆయన ఇంకా వదల్లేదు. రోజూ సెలూన్ల దారినే వెళ్లేదానివి కదా, ప్రతి బోర్డునూ చూసుకుంటూ వెళ్లేదానివి కదా అన్నాడు. దర్జీ కొట్లు ఆ దారిలో ఉంటే ఇంకే దారిన పోవాలి అంది ఆవిడ. అని, కుట్టు మీది నుంచి తలెత్తకుండానే ఇంకో మాట కలిపింది.

“నా తమ్ముడి మొహం ఊరంతా ఉంటే నాకేమన్నా చేదా?”

బోర్డులాయన గిన్నె కింద పెట్టి, కడుక్కోని చేత్తోనే లేచి సెలూన్లోకి వెళ్లాడు. అద్దం ముందు కుర్చీలో సగం గడ్డంతో ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడి తల మీదుగా అద్దంలోకి చూశాడు. ముడతలు తీసేసి, బుగ్గలు కాస్త నింపి, జుట్టు నల్లగా చేసి చూశాడు. అది ఆయన వృత్తే కనక కష్టం కాలేదు. అన్నేళ్లు చిల్లుల కాగితంలోంచి దిగిన చుక్కలన్నీ ఒక్కోటీ వచ్చి తన ముక్కు చుట్టూ, చెవుల చుట్టూ సర్దుకున్నాయి.

“నీకు తెలుసా?” అని అడిగాడు సెలూనాయన్ని.

సెలూనాయన కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పుతూ, తెలియకపోవడమేమిటన్నాడు. నీ బొమ్మ నువ్వే పెట్టుకుని ఊరికే గడ్డం చేయించుకోవడానికి ఎత్తు వేశావని మా నాన్న పోయేదాకా అనుమానపడ్డాడు అన్నాడు. అని నవ్వబోయి, అద్దంలో ఎదుటివాడి మొహం చూసి మానేసి, కూర్చుంటావా, నీళ్లు తాగుతావా అని అడిగాడు.

బోర్డులాయన నీళ్లు తాగి బయటికొచ్చాడు. అక్క పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద కాంట్రాక్టరు ఎటో చూపిస్తున్నాడు. అన్నం ఆరిపోయింది. అయినా తిన్నాడు, మెతుకు మిగల్చకుండా. చివరికి అడిగాడు.

“మరి బావ ఎలా ఉండేవాడు?”

అక్క సూది గుచ్చింది గానీ అవతలి వైపు నుంచి లాగలేదు. సూది గుడ్డలోనే ఉండిపోయింది. ఆవిడ గోడను కాక రోడ్డును చూస్తోంది.

“మొహం ఏమోరా. గుర్తుకు తెచ్చుకుందామంటే నీ బోర్డే వస్తోంది. వీపు మాత్రం తెలుసు. నన్ను పనికి తీసుకెళ్లినా, ఊరికి తీసుకెళ్లినా ముందు నడిచేవాడు. వెనక నేను తిట్టుకుంటూ నడిచేదాన్ని. కుడిభుజం కిందికేసి నడిచేవాడు, రాయి లేకపోయినా సరే. ఎడమచెయ్యి మాత్రం ఊపేవాడు, అందులో ఏదో ఉన్నట్టు, పడేసుకుంటానేమో అన్నట్టు.”

బోర్డులాయన లేచాడు. చేతులు కడుక్కుని, గోధుమరంగులో నలుపు కలిపి పెట్టుకుని, పరంజా ఎక్కకుండా నేల మీదే నిలబడి, బ్రిడ్జి వైపు పోయే దారి మీద, కాంట్రాక్టరు చూపిస్తున్న చేతికి కాస్త అవతల, సుద్దముక్కతో ఒక మనిషి వీపు గీశాడు. కాగితం లేదు, చుక్కలు లేవు. గీత వంకరపోయింది. తుడిచి మళ్లీ గీశాడు.

“ఇలాగా?” అన్నాడు వెనక్కి తిరిగి.

అన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. ఎప్పుడూ చూశావా అనేవాడు.

“ఇంకొంచెం వంచు. అంత కాదు, వాడెవడో ముసలాడిలా ఉన్నాడు.”

వంచాడు. తువ్వాలు భుజం మీద వేస్తే, భుజం మీద కాదు, మెడ వెనక మడతపెట్టి, రాయి ఒరుసుకోకుండా అంది. కాళ్లు దగ్గరగా వేస్తే, అంత నెమ్మదిగా ఎప్పుడు నడిచాడు, అడుగు చాచు అంది. ఆవిడ దారం పళ్ల మధ్య పట్టుకుని మాట్లాడుతోంది, అందుకని సగం మాటలు ఊహించుకోవాల్సి వచ్చింది. సెలూనాయన గిరాకీని కుర్చీలో వదిలేసి గుమ్మంలోకి వచ్చి, ఎడమచెయ్యి ఇంకాస్త ఎడంగా ఉండాలన్నాడు. ఆయన బావను ఎన్నడూ చూడనేలేదు. అయినా ఆ మాట నిజమేనంది అక్క. పొద్దు సెలూన్ పైకప్పు వెనక్కి దిగేసరికి కుడిభుజం వాలిన వీపు ఒకటి, మెడ మీద మడతపెట్టిన తువ్వాలుతో, ఎడమచెయ్యి ఊపుకుంటూ, ఎవరినీ చూడకుండా బ్రిడ్జి వైపు నడిచిపోతోంది. ఆ రోజు కాజాలేవీ దర్జీకి చేరలేదు.

*

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, మైకు పెట్టారు. మైకు కాసేపు దాని మాట అదే మాట్లాడుకుని, తర్వాత మనుషులకు అవకాశమిచ్చింది. చైర్మన్ తల్లిని చెయ్యిపట్టి నడిపించుకుంటూ తెచ్చి బ్రిడ్జి ముందు నిలబెట్టాడు. ఆవిడ గోడకు బాగా దగ్గరగా వెళ్లి, కోటు మీద చెయ్యి వేసి, పైకి తడుముకుంటూ చూసింది. బోర్డులాయన ఒక పక్కగా, ఉతికిన చొక్కాలో ఇరుకుగా నిలబడి ఉన్నాడు. ఆ చొక్కాకు కాజాలు అక్క కుట్టినవి; గుండీలు మాత్రం పట్టనంటున్నాయి.

“మీ నాన్నకి ఇంత ముక్కెక్కడిదిరా?” అంది ఆవిడ కొడుకుతో.

చైర్మన్ బోర్డులాయన వైపు చూశాడు. బోర్డులాయన చెయ్యి తనకు తెలియకుండానే తన ముక్కు దగ్గరికి పోయింది. అలవాటుపడిన చెయ్యి, కాగితం లేకపోయినా దాని దారి దానికి తెలుసు. మెట్టు మీద కూర్చున్న అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోనీలే, కోటు ఆయనదే అని సరిపెట్టుకుంది పెద్దావిడ. ఎవరో ఆవిడకు కుర్చీ తెచ్చారు. చైర్మన్ వెళ్లబోయి ఆగాడు. ఆయన చూపు తండ్రి చెయ్యి చూపిస్తున్న వైపే పోయింది. తల ఒకవైపు వంచాడు. కళ్లు చికిలించాడు, ఫోటోలోని తండ్రిలాగే.

“ఈ అటు తిరిగినాయన…” అన్నాడు. “చిన్నప్పుడు నాన్నకి అన్నం పట్టుకెళ్లేవాణ్ణి. దారిలో ఒకాయన ముందు ఇలాగే…” తన ఎడమచెయ్యిని కొద్దిగా ఊపి చూసుకున్నాడు. “నా చేతిలో క్యారియరు తీసుకుని పట్టుకొచ్చేవాడు. బరువుగా ఉందిరా నీకు అనేవాడు. భుజం మీద అంత రాయి పెట్టుకుని.”

అక్క సూది ఆగింది. ఊపే చేతిలో ఏముండేదో ఆవిడకు ఇన్నాళ్లూ తెలియదు.

“ఆయనేనా?” అన్నాడు చైర్మన్.

“ఆయనేనండి.”

చైర్మన్ ఇంకేదో అనబోయాడు. మైకులో పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. ఆయన వెళ్లాడు గానీ మాట్లాడుతున్నంతసేపూ మధ్యలో తల తిప్పి గోడ చివరికి చూశాడు. మాట్లాడాల్సిన దాంట్లో సగమే మాట్లాడి దిగిపోయాడు. రాతిపలక సంగతి ఎవరూ ఎత్తలేదు.

జనం పలచబడ్డాక షామియానా విప్పడం మొదలుపెట్టారు. బోర్డులాయన డబ్బాలకు మూతలు బిగించి, బ్రష్షులు గుడ్డలో చుట్టి, అక్క కోసం చూశాడు. ఆవిడ మెట్టు మీద లేదు. రోడ్డు దాటి గోడ దగ్గరికి వెళ్లింది. ముందు బొమ్మకు ఆనుకున్నంత దగ్గరగా నిలబడింది. తర్వాత, ఏదో సరిగా కుదరనట్టు, రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. అక్కడ కుదిరింది. క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, కొంగు బిగించుకుని, ఆ వీపు వెనకాల నిలబడింది.

తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. చూశావా అని అడగలేదు.

“కాస్త మెల్లగా నడవమంటే ఎప్పుడు విన్నాడు గనక” అంది ఆవిడ, గోడతో.